క్ష్మ కింద జాగా

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కుతారు. కింద నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనబడుతోంది. అవతల భద్రాచలం. శ్రీరామనవమి దగ్గర పడింది; మీ డీటీపీ షాపులో ఫ్యాను గాలికి ప్రూఫ్ కాగితాలు ఎగురుతున్నాయి.

మీ పక్క కుర్చీలో చర్ల వైపు నుంచి వచ్చిన కోయ కుర్రాడు. ఊరివాళ్ళు పెట్టే చలివేంద్రానికి కరపత్రం కావాలి. పైన తెలుగు, కింద తెలుగు లిపిలోనే కోయ భాష.

"అన్నా, లక్ష్మణుడి కాడ అక్షరం మీద అక్షరం ఎక్కింది, చూడు."

తెర మీద ఆ అక్షరాన్ని పెద్దది చేస్తారు. నిజమే. క్ష తోక మీద మవత్తు పడి రెండూ నల్లటి ముద్దయ్యాయి. ముందు ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్ చూస్తారు. తెలుగుకు కావలసిన వరల్డ్-రెడీలోనే ఉంది. లోపం ఫాంటులో ఉందన్నమాట.

అనూ ఫాంట్ల రోజుల్లో అయితే ఇంకో మవత్తు కొట్టి, చేత్తో పక్కకు జరిపి సరిపెట్టేవారు. యూనికోడ్‌లో ఆ దారి వద్దు. ఇవాళ జరిపింది రేపు ఇంకో పేజీలో మళ్ళీ ముద్దవుతుంది. రోగం ఉన్నచోటే మందు వేయాలి. ఇది ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చిన ఫాంటు, మార్చుకునే హక్కుంది. రిజర్వు చేసిన పేరుంటే, మార్చినదానికి ఆ పేరు వాడకూడదు. పేరు మార్చి ఫాంట్‌ఫోర్జ్‌లో తెరుస్తారు.

క్ష్మ అంటే లోపల అయిదు గుర్తులు: క, పొల్లు, ష, పొల్లు, మ. ఫాంటులోని అఖండ్ నియమం మొదటి మూడింటినీ కలిపి క్ష చేస్తుంది. తర్వాత మిగిలిన పొల్లు, మ కలిసి మవత్తవుతాయి. ఇంతవరకు ఈ ఫాంటు చక్కగానే చేస్తోంది. కానీ క్ష బొమ్మకు వత్తు తగిలించుకునే యాంకర్ లేదు. ఉత్త క కి ఉంది, క్ష కి పెట్టడం మరిచారు. తోకకు కుడివైపు, కాస్త కిందగా యాంకర్ పెడతారు. సూక్ష్మం, లక్ష్మి, యక్ష్మ టైపు చేసి చూస్తారు. గుడి ఉన్నా లేకపోయినా మవత్తు కుదురుగా కూర్చుంది.

ఇలాంటి గుర్తుల వరసల్లో ఎంత పని దాగి ఉంటుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు, దీర్ఘం: ఈ ఒక్క వరసకు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిదిద్దింది.

ఇప్పుడు కోయ భాగం. ఇక్కడ ఏ హల్లు కింద ఏ వత్తు వస్తుందో తెలుగు నిఘంటువు చూసి చెప్పలేం. తెలుగులో తరచుగా వచ్చే జంటలనే చూసుకుని వదిలేసిన ఫాంటు ఈ భాషకు అన్యాయం చేసినట్టే. అందుకే ప్రతి హల్లుకూ యాంకర్ ఉందా అని వరసగా చూస్తారు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ వదలకూడదు. ఙ దగ్గర ఒక లోటు, ఝ దగ్గర ఒక లోటు దొరికాయి. అక్కడా యాంకర్ పెట్టేస్తారు.

14 పాయింట్ల అక్షరానికి లీడింగ్ 22 చేసి కొత్త ప్రూఫ్ తీస్తారు. కుర్రాడు కోయ వరసలను వేలు పెట్టి పైకి చదువుతున్నాడు. మూడో వరసలో ఆగాడు.

"ఈడ దీర్ఘం ఉండాలన్నా."

మీరు కీబోర్డు ముందుకు లాక్కుంటారు.