ఆ ఎత్తు ఎవరిది?

మా నాన్నగారికి సాయంత్రం కాఫీ లేకపోయినా గడిచేది గానీ, చదరంగం లేకపోతే గడిచేది కాదు. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని వరండాలో బల్ల వేసుకునేవారు. ఎదురింటి ప్లీడరుగారు కండువా దులుపుకుంటూ వచ్చి కూర్చునేవారు. కాఫీ గ్లాసులు అందించడం నా వంతు. గ్లాసులు ఖాళీ అయ్యేదాకా అక్కడ నిలబడే హక్కు నాకుండేది. నేను చదరంగం నేర్చుకున్నది ఆ హక్కు పుణ్యమే!

ఒకనాడు పావులన్నీ పోయి, రాజులు కాక ఇద్దరికీ చెరో ఏనుగు మిగిలింది. ప్లీడరుగారికి అదనంగా ఒక బంటు. ఇలాంటి ముగింపులు చూడ్డానికి తేలిక, ఆడ్డానికి ప్రాణసంకటం. నాన్నగారు ఏనుగుని అటూ ఇటూ తిప్పుతున్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఉండబట్టలేక, "ఏనుగుని మన వైపునుంచి మూడో అడ్డవరుసలో పెట్టండి నాన్నగారూ, ఆయన రాజు ముందుకి రాలేడు" అనేశాను.

"గ్లాసులు తీసుకెళ్ళమ్మా" అన్నారు ప్లీడరుగారు నవ్వుతూ.

నాన్నగారు నా మాట వినలేదు. ఆట పోయింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నన్ను లేపి, "ఏదీ, నువ్వన్నదేమిటో చూపించు" అన్నారు. చూపించాను. మన రాజు బంటుకి ఎదురుగా ఉండాలి. ఏనుగు మూడో వరుసలో కాపలా కాయాలి. బంటు ఆ వరుసలో అడుగు పెట్టిందో, ఏనుగు బల్ల అవతలి కొసకి పరుగెత్తి, వెనకనుంచి చెక్ మీద చెక్ చెప్పాలి. బంటు ముందుకి వెళ్ళిపోయింది గనక అవతలి రాజుకి దాక్కోడానికి చాటుండదు. ఆట డ్రా!

నెల తిరక్కుండా అలాంటి ముగింపే మళ్ళీ వచ్చింది. ఈసారి డ్రా అయింది. "ఈ ఎత్తు ఎక్కడ పట్టారండీ?" అన్నారు ప్లీడరుగారు ఆశ్చర్యంగా. "ఏముంది, ఆలోచిస్తే తట్టింది" అన్నారు నాన్నగారు. నేను గ్లాసులతో అక్కడే ఉన్నాను.

బి.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో ఒక చదరంగం పుస్తకం తిరగేస్తే నా గర్వం కాస్తా దిగిపోయింది. ఆ ఎత్తు నాదీ కాదట! ఫిలిడార్ అనే ఫ్రెంచి సంగీతకారుడు 1777లో తన గ్రంథం కొత్త కూర్పులోనే దాన్ని చెప్పాడు. నాటకశాలలకి సంగీతం కూర్చిన మనిషి పేరు ఏనుగు కాపలాకి నిలిచిపోయింది.

ఫిలిడార్ సంగతి న్యాయమే. లుసెనా సంగతి వినండి. స్పెయిన్‌లో 1497లో ఈయన అచ్చువేసిన పుస్తకం సగం ప్రేమ గురించి, సగం చదరంగం గురించి. ప్రేమ పేరుతో ఆడవాళ్ళని బాగానే దుమ్మెత్తిపోశాడు. ఏనుగు, బంటు ఉన్నవాడు గెలిచే ప్రసిద్ధమైన పద్ధతిని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తీరా చూస్తే అది ఆయన పుస్తకంలో లేనే లేదు! 1634లో ఇటలీలో సాల్వియో వేసిన పుస్తకంలో ఉంది. ఆయనేమో అది స్కిపియోనె జెనొవీనోదని నిజాయితీగా రాశాడు. అయినా పేరు మాత్రం లుసెనాకే దక్కింది.

నాకు మరీ ఇష్టమైన కథ 1895లో గ్లాస్గోలో జరిగింది. బార్బియే అనే ఆయన ఒక వారపత్రికలో చదరంగం శీర్షిక నడిపేవాడు. తెల్లవైపు రాజు, బంటు; నల్లవైపు రాజు, ఏనుగు ఉన్న ఒక ముగింపు వేసి, నల్లవాడు డ్రా చేసుకోవచ్చన్నాడు. బంటు చివరి గడి చేరి మంత్రి అయిందనుకోండి, నల్లవాడు చెక్ చెబుతూ ఏనుగుని బలి ఇచ్చేస్తాడు. మంత్రి దాన్ని చంపిందా, మూలనున్న నల్లరాజుకి కదిలే చోటే ఉండదు. అంతే, డ్రా!

సావెద్రా అనే స్పెయిన్ దేశపు మతగురువు అప్పుడు ఆ ఊళ్ళోనే ఉండేవాడు. గొప్ప ఆటగాడేం కాదు. ఆయన అడిగినదల్లా ఒకటే: ఆ బంటు మంత్రే ఎందుకు కావాలి? ఏనుగైతే? అంతటితో కిటుకు విడిపోయింది. ఏనుగుతో తెల్లవాడిదే గెలుపు. బార్బియే తన పొరపాటు దాచుకోలేదు. సావెద్రా కనిపెట్టాడని పత్రికలోనే వేశాడు. ఆ ఒక్క ఎత్తుతో ఆయన చిరంజీవి అయిపోయాడు.

అంతా మంత్రి కావాలనే ఆరాటంలో ఏనుగు చాలునన్నవాడు గెలవడం నాకు నచ్చింది. అంతకన్నా, బార్బియే ఆ పేరు అచ్చువేయడం నచ్చింది.

2002లో మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిందని పేపర్లో చదివి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళకి, మంచం పట్టాక, మా అబ్బాయికి ఆట నేర్పుతూ ఏనుగుని మూడో వరుసలో పెట్టించారు.

"ఇది ఫిలిడార్ ఎత్తు కదా తాతయ్యా?" అన్నాడు వాడు.

"పుస్తకాల్లో అంతే. మనింట్లో మాత్రం మీ అమ్మది" అన్నారు.

నేను గుమ్మంలోనే ఉన్నాను, చేతిలో కాఫీ గ్లాసుతో.