స్టాండు వేసిన సైకిలు

సైకిలుకు స్టాండు వేసి, సీటెక్కి, వెనక చక్రం గిర్రున తిప్పుతూ ఊరంతా చుట్టొచ్చినట్టు సంబరపడిన పిల్లలం మనం. "చైను తెగుద్ది, దిగరా!" అని పెద్దవాళ్లు కసిరేవాళ్లు. ఇప్పుడు అదే పని జిమ్ములో ఫీజు కట్టి, మసక వెలుతురులో, హోరెత్తే పాటల మధ్య పదిమందితో కలిసి చేస్తున్నాం.

చిత్రమేమిటంటే కదిలే సైకిలు కన్నా కదలనిదే ముందు పుట్టింది. 1796లో లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ 'జిమ్నాస్టికాన్' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కూర్చున్నచోటే కాళ్లూ చేతులూ ఆడించే చక్రాల యంత్రం అది. జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల బండి నడిపింది 1817లో. దానికి పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాల్సిందే. 1912 నాటి టైటానిక్ ఓడ జిమ్ములోనూ కదలని సైకిళ్లుండేవి. నడిసముద్రంలో కూర్చుని తొక్కితే ఎంతదూరం పోయారో ఎదురుగా పెద్ద డయలు చూపించేది.

పదిమందీ కలిసి తొక్కే క్లాసు మాత్రం జానీ గోల్డ్‌బర్గ్ పుణ్యం. దక్షిణాఫ్రికా నుంచి కాలిఫోర్నియా చేరిన ఈయన అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి తొక్కే పందెం, 'రేస్ అక్రాస్ అమెరికా'కు సాధన చేసేవాడు. ఓ రాత్రి కారు ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. దాంతో సాధనను గ్యారేజీలోకి మార్చి, తనకు కావాల్సిన సైకిలు తనే తయారుచేసుకున్నాడు. 1989లో శాంటా మోనికాలో స్టూడియో తెరిచాడు. 1995కల్లా ష్విన్ కంపెనీ ఆ సైకిళ్లను మార్కెట్లోకి తెచ్చింది. 'స్పిన్నింగ్' అన్న పేరు ట్రేడ్‌మార్కు కాబట్టే మిగతావాళ్లు 'ఇండోర్ సైక్లింగ్' అంటూ సరిపెట్టుకుంటారు. తర్వాత 2006లో న్యూయార్క్‌లో సోల్‌సైకిల్ స్టూడియో వచ్చింది. పెలోటన్ కంపెనీ వచ్చి క్లాసును తెరమీదుగా ఇంటికే చేర్చింది.

మంచీ చెడూ రెండూ ఆ సైకిలు ముందున్న బరువైన చక్రంలోనే ఉన్నాయి. మన సైకిలుకు ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపినా టకటకమంటూ సాగిపోతుంది. గోల్డ్‌బర్గ్ మార్కు సైకిలుకు అది లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కాళ్లను లాక్కుపోతాయి. గుండెకూ ఊపిరితిత్తులకూ తెరిపిలేని పని దొరుకుతుంది. పరుగులోలా మోకాళ్లకు దెబ్బ తగలదు. బిగువు పెంచే మర ఎవరి చేతిలో వాళ్లకుంటుంది కాబట్టి కొత్తవాళ్లు వెనకబడే బెంగ లేదు.

అయితే చీకట్లో, పాట ఊపులో, పక్కవాళ్ల జోరు చూసి ఆ మరను మితిమీరి బిగించేవాళ్లూ కొత్తవాళ్లే. స్పిన్ క్లాసు తర్వాత తొడ కండరాలు చితికి, ఆసుపత్రి పాలైనవారి గురించి అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2017లో రాసింది. చితికిన కండరంలోని ప్రొటీను రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదముంది. తొడలు వాచి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకో లోటు పైకి కనిపించదు. ఒంటి బరువు చాలావరకు సీటు మోసేస్తుంది. ఎముక గట్టిపడటానికి కావాల్సిన తాకిడి కాళ్లకు అందదు. క్లాసు మూడో అంతస్తులో ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది, లిఫ్టు ఎక్కకపోతే.