గుర్జరదేశపు భోజనము

గుజరాతీల పప్పు తియ్యగా నుండునని మనలో నొక మాట కలదు. అది నిజమే కాని, ఆ దేశమంతటను ఒకే వంట లేదు. ఆ భేదములకు గల కారణములను సంగ్రహముగా మనవి చేసెదను.

సౌరాష్ట్రమున వాన తక్కువ. కావున అచటి కాపునకు సజ్జరొట్టె, వెల్లుల్లికారము, మజ్జిగ ముఖ్యాహారములు. తపతీతీరమందలి సూరతు ప్రాంతమున కాయగూరలు సమృద్ధి. శీతకాలమున వానిని మట్టికుండలో నించి, కుండను తలక్రిందుగా పూడ్చి, పైన మంటవేసి వండుట పూర్వాచారము. అదియే ఊంధియు, 'ఊంధు' అనగా తలక్రిందు.

జైనులు జీవహింసకు వెఱచి కందమూలములను విడుతురు. ప్రొద్దు గ్రుంకిన పిదప భుజింపరు. సంజాను రేవున దిగితిమని చెప్పుకొను పారసీలు పప్పును మాంసముతో గూర్చి ధన్‌సాక్ వండుదురు. దావూదీ బోరాలు ఒకే పెద్దపళ్లెము చుట్టు కూర్చుండి, ఉప్పు రుచిచూచి భోజన మారంభింతురు. నేడు ఎల్లరును వాడు మిరపకాయ సయితము, 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గమున మన దేశము చేరిన పిమ్మట వచ్చినదే.

1899-1900లో వాన లేక ఘోరమైన కాటకము వచ్చెను. విక్రమశకము 1956నుబట్టి దానిని 'ఛప్పనియో' అందురు. మెట్టపైరు లెండెను, జనులును పశువులును లెక్కకు మిక్కిలిగా నశించిరి. రొట్టె, మజ్జిగలే ఆధారమైనవారికి ఆ రెండును ఒక్కసారే పోయెను.

వంటలు జిహ్వనుబట్టియే పుట్టవు. వానను, వ్రతమును, ఓడరేవునుబట్టి పుట్టును. పొరుగువాని విస్తరిని తప్పెన్నుటకు ముందు ఈ మూటిని విచారింపవలయునని నా మనవి.