ఎవరి చెవిని నమ్మాలి: కోఠి నుంచి హైటెక్ సిటీ దాకా ఆడియో తీర్పుల చరిత్ర

హైదరాబాద్‌లో ఇంటికోసం రేడియోనో ఆంప్లిఫయరునో స్పీకర్లనో కొన్నవారు ఎవరి మాట మీద కొన్నారన్న ప్రశ్నకు తొంభై ఏళ్లలో సమాధానం పలుమార్లు మారింది. ఒక కాలంలో మెకానిక్ మాట చెల్లింది, మరొక కాలంలో పెట్టె మీద అచ్చువేసిన వాట్ల అంకె చెల్లింది, నేడు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లలో ముఖం తెలియని కొనుగోలుదారులు ఇచ్చిన నక్షత్రాలు చెల్లుతున్నాయి. ఈ నక్షత్రాలను నమ్మవచ్చునా అని అడిగేముందు, వాటికి ముందున్న తీర్పులు దేని బలం మీద నిలిచాయో చూడటం అవసరం.

నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియోను తన ఆధ్వర్యంలో నడపసాగింది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. ఆ కాలపు రేడియోలు వాల్వు రేడియోలు, అంటే గాలి తీసేసిన గాజు బుడ్డిలో తీగను వేడిచేసి సంకేతాన్ని పెంచే పరికరాలు. ఆ బుడ్డీలు కాలిపోయేవి, కెపాసిటర్లు ఎండిపోయేవి, కనుక రేడియో ఉన్న ఇంటికి మెకానిక్‌తో సంబంధం తప్పేది కాదు. చత్తాబజార్‌లోని మహబూబ్ రేడియో సర్వీస్ వంటి దుకాణాలు దశాబ్దాల పాటు ఈ పనితోనే పేరు తెచ్చుకున్నాయి. ఏ కంపెనీ సెట్టు తరచూ బెంచీ మీదికి తిరిగి వస్తోందో, దేనికి విడిభాగాలు దొరకవో మెకానిక్‌కు తెలిసినంతగా అమ్మేవాడికి కూడా తెలిసేది కాదు. అతని తీర్పు ఒక్కనాటి వినికిడి మీద గాక ఏళ్ల తరబడి చూసిన వైఫల్యాల మీద నిలిచింది. పైగా తప్పు చెబితే మళ్లీ అదే గిరాకీకి ముఖం చూపించవలసి వచ్చేది.

ట్రాన్సిస్టర్లు వచ్చాక కోఠిలోని గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ ఎలక్ట్రానిక్ సామానుకు ఆటపట్టయ్యాయి. 1967లో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ వంటి సంస్థల వల్ల సర్క్యూట్ చదవగలిగినవారు నగరంలో పెరిగారు. బోర్డు ఒకచోట, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొకచోట, చెక్క బాక్సులు మరొకచోట కొని కట్టించుకునే అసెంబుల్డ్ సెట్టు మధ్యతరగతి ఇంటి సంగీతానికి ఆధారమైంది. కొనేవాడు తనకు కంఠతా వచ్చిన పాట ఉన్న క్యాసెట్‌ను వెంట తెచ్చి వినిపించమని అడగటం ఆ కాలపు పద్ధతి, అది ఎంతో వివేకమైన పద్ధతి, ఎందుకంటే తెలిసిన గొంతులో తేడా వస్తే చెవి వెంటనే పట్టుకుంటుంది. అయినా దుకాణంలోని చెవికి ఒక బలహీనత ఉంది. రెండు సెట్లలో ఒకటి కొద్దిగా బిగ్గరగా మోగితే, వినేవారికి అది బిగ్గరగా ఉన్నట్టు గాక మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. ధ్వని తీవ్రతను కొలిచే డెసిబెల్ ప్రమాణంలో ఒక్క డెసిబెల్ తేడా కూడా ఇందుకు చాలు. కనుక వాల్యూమ్ మీట ఎవరి చేతిలో ఉందో తీర్పు కూడా చాలావరకు వారి చేతిలోనే ఉండేది.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ మ్యూజిక్ సిస్టమ్‌లు దుకాణాలను నింపినప్పుడు చెవి స్థానాన్ని అంకె ఆక్రమించింది. పెట్టెల మీద వేల వాట్ల పీఎంపీఓ అని ముద్రించేవారు. పీఎంపీఓ అంటే పరికరం క్షణంలో అతిచిన్న భాగం పాటు విడుదల చేయగలదని తయారీదారు చెప్పుకునే గరిష్ఠ శక్తి. దాన్ని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. ఆర్ఎంఎస్ అన్న పేరుతో చెప్పే అంకె పరికరం ఎడతెగకుండా ఇవ్వగల శక్తికి సంబంధించినది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ల శక్తిని ఏ షరతుల కింద కొలిచి ప్రకటించాలో నిబంధన చేసింది, అయితే ఆ రక్షణ కోఠిలో కొనేవారికి వర్తించలేదు. ఇక్కడ కొనుగోలుదారుకు మిగిలింది చిన్న లెక్క ఒక్కటే: 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరుతో నడిచే పరికరం లోపలికి తీసుకునేది 24 వాట్లు, కాబట్టి అది నిరంతరంగా అంతకు మించి బయటికి ఇవ్వలేదు. శక్తి రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్‌లే, శబ్దం రెండింతలైనట్టు చెవికి తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఈ రెండు సంగతులు తెలిసినవారికి పెట్టె మీద సున్నాలు ఎన్ని ఉన్నా పెద్దగా పట్టింపు ఉండదు.

నిపుణుల సమీక్ష ఈ చిక్కుకు పరిష్కారమని పాశ్చాత్య దేశాలు నమ్మాయి, ఆ నమ్మకం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రకటనలు తీసుకోకుండా, వస్తువులను తానే కొని పరీక్షించే కన్స్యూమర్స్ యూనియన్ సంస్థ 1970లో తన పత్రికలో బోస్ 901 స్పీకర్లను సమీక్షిస్తూ, వాటిలో వాద్యాల ధ్వని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టు వినిపిస్తుందని రాసింది. ఆ స్పీకర్లను రూపొందించిన అమర్ బోస్ బెంగాలీ తండ్రికి పుట్టిన ఇంజినీరు. ఆయన సంస్థ దావా వేసింది. పరీక్షించిన ఇంజినీరు నిజానికి విన్నది ధ్వని గోడ వెంబడి కదలటమేనని విచారణలో తేలింది. 1984లో సుప్రీంకోర్టు ఆ వాక్యం సరిగా లేకపోయినా దురుద్దేశంతో రాసినది కాదని పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. నిజాయతీ ఉన్న సమీక్షకుడు, శిక్షణ పొందిన చెవి, ప్రకటనల ఒత్తిడి లేని పత్రిక అన్నీ ఉండి కూడా విన్నదాన్ని మాటలో పెట్టే దగ్గర తడబాటు తప్పలేదన్నది ఆ కేసులో అన్నిటికంటే విలువైన సంగతి. పదేళ్ల తర్వాత, 1994లో, ధ్వని పరిశోధకులు షాన్ ఓలివ్, ఫ్లాయిడ్ టూల్ ఇంకో లోపాన్ని బయటపెట్టారు: స్పీకర్లను తెర వెనుక దాచి వినిపించినప్పుడు ఇచ్చిన మార్కులకూ, కళ్లెదుట పెట్టి వినిపించినప్పుడు ఇచ్చిన మార్కులకూ తేడా వచ్చింది. పరిమాణం, రూపం, పేరు చెవికి ముందే తీర్పు చెప్పాయి.

సైబరాబాద్ ఈ చరిత్రలోకి 1998 నవంబరు 22న వచ్చింది. ఆనాడు ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో రాళ్లగుట్టల మధ్య లేచిన అపార్ట్‌మెంట్లలో ఒక కొత్త శ్రోతృవర్గం స్థిరపడింది. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చినవారు ఇందులో ఉన్నారు. అక్కడి సమీక్షలు చదివి కొన్న 120 వోల్టుల ఆంప్లిఫయరును ఇక్కడి 230 వోల్టులకు సరిపెట్టాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అయితే వోల్టేజీని మార్చే పరికరం ఉంది గాని గదిని మార్చే పరికరం లేదు. అమెరికాలో కలప చట్రానికి జిప్సమ్ పలకలు బిగించిన గోడలు, మెత్తని కార్పెట్లు సర్వసాధారణం. సైబరాబాద్ ఫ్లాటులో ఆర్సీసీ శ్లాబు, సిమెంటు గోడలు, విట్రిఫైడ్ టైల్స్, బాల్కనీ వైపు నిలువెత్తు గాజు తలుపు ఉంటాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సేబిన్ ఒక ఉపన్యాస మందిరంలోకి నాటకశాల దిండ్లు మోయించి, దిండ్ల సంఖ్య పెరిగే కొద్దీ ప్రతిధ్వని ఎలా తగ్గుతుందో కొలిచాడు. జంపఖానాలు, పరుపులు, బరువైన తెరలు ఉండే పాత ఇళ్ల హాళ్లు ఆ లెక్కన సంగీతానికి అనుకూలమైనవి. టైల్స్ గదిలో అదే స్పీకర్ మాటను చెదరగొడుతుంది. గోడకూ గోడకూ మధ్య 12 అడుగులు ఉంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 కంపనాల దగ్గర, బేస్ ఒకచోట ఉబ్బి మరొకచోట మాయమవుతుంది. ఒకే స్పీకర్ గురించి ఒకరు బేస్ అదిరిందని, ఇంకొకరు బేస్ లేదని రాస్తే, ఇద్దరూ సత్యమే చెప్పి ఉండవచ్చు.

అమెజాన్ భారతదేశంలో తన అమ్మకాల వేదికను 2013 జూన్‌లో తెరిచింది. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో 15,000 మంది పనిచేయగల ప్రాంగణాన్ని ప్రారంభించింది. ఆ దశాబ్దంలోనే సౌండ్‌బార్ కొనే మనిషి వినకుండా కొనటానికి అలవాటుపడ్డాడు. నక్షత్రాల సగటులో దొంగ సమీక్షలు కలవటం ఒక దోషమే గాని, అవి లేకున్నా సగటు సరిగ్గా ఉండదు. ఆన్‌లైన్ సమీక్షల్లో ఐదు నక్షత్రాలు అత్యధికంగా, ఒక నక్షత్రం కొంతగా, మధ్యవి అతి తక్కువగా ఉంటాయని పరిశోధకులు నాన్ హూ, పాల్ పావ్‌లూ, జీ ఝాంగ్ 2009లో చూపారు. నచ్చుతుందనుకున్నవారే కొంటారు, మరీ మెచ్చినవారో మరీ నొచ్చినవారో మాత్రమే రాస్తారు. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చి, సమీక్షకుల గుర్తింపును సరిచూడాలని, వ్యాఖ్యలను ఎలా సేకరించి ప్రచురించాలో నియమాలు చెప్పింది. అది స్వచ్ఛందంగా పాటించవలసినదిగా వచ్చింది. రాసినవారు నిజమైన మనుషులేనని అది తేల్చగలదు, కాని వారి గది ఎలాంటిదో, వాల్యూమ్ ఎంత పెట్టి విన్నారో తేల్చలేదు.

అందువల్ల ఈ వ్యాఖ్యల్లో ధ్వని గురించిన భాగానికీ వస్తువు గురించిన భాగానికీ ఒకే విలువ కట్టటం పొరపాటు. మాధుర్యం, స్పష్టత, గాంభీర్యం అన్న మాటలు రాసినవారి గదినీ అభిరుచినీ ఎంత చెబుతాయో పరికరాన్ని అంత చెప్పవు. రిమోట్ ఎన్ని నెలలకు పాడైంది, హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీతో కలిసిందా, సర్వీసు మనిషి వచ్చాడా అన్నవి మాత్రం గదితో నిమిత్తం లేని సాక్ష్యాలు, అవి పదిమంది నోట వేర్వేరు మాటల్లో వస్తే నమ్మదగినవి. చిక్కేమిటంటే చాలా సమీక్షలు పెట్టె విప్పిన వారంలోనే రాసినవి, వైఫల్యానికి కావలసిన కాలం వాటిలో లేదు. నేటి సౌండ్‌బార్ చెడితే తరచుగా బోర్డు మొత్తం మార్చేస్తారు, లేదా వస్తువునే మార్చేస్తారు. ఏ భాగం ఎందుకు కాలిందో విప్పి చూసి, గుర్తుంచుకుని, తర్వాతి గిరాకీకి చెప్పే మనిషి ఆ వరుసలో లేడు. కొన్న ఏడాదిన్నరకు, వారంటీ తీరిపోయాక, ఎవరో విసుగుతో వచ్చి తన పాత వ్యాఖ్య కింద చేర్చే రెండు పంక్తుల్లోనే చత్తాబజార్ బెంచీ మీద పోగైన ఆ జ్ఞానం ఇప్పుడు మిగిలి ఉంది.