పురిటి నొప్పులు: ఇంటి నుంచి ఆసుపత్రి దాకా – జమ్మలమడుగు, కొండాపురం ప్రాంత నేపథ్యం

కీలకపదాలు: నొప్పి, పురుడు, మంత్రసాని, ప్రసూతి వార్డు, తోడు.

1. ఉపోద్ఘాతం

నొప్పి తీవ్రతను శరీరస్థితి ఒక్కటే నిర్ణయించదు. నొప్పి ఎల్లప్పుడూ వ్యక్తిగత అనుభవమనీ, జీవ, మానసిక, సామాజిక అంశాలు దానిని ప్రభావితం చేస్తాయనీ నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ వివరించింది. కాన్పు స్థలం మారినప్పుడు ఆ అనుభవం ఏ విధంగా మారిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఇంటి పురుడు

తెలుగులో ‘నొప్పి’ ఏ అవయవానికైనా వర్తిస్తుంది. నిండుచూలాలికి ‘నొప్పులు వస్తున్నాయి’ అంటే మాత్రం అర్థం ఒక్కటే. అవి ‘దొంగ నొప్పులా’ కాదా అని తేల్చేది అనుభవం గల స్త్రీలే. ‘పురుడు’ ప్రసవాన్నీ, దానివెంట పాటించే అశౌచాన్నీ సూచిస్తుంది. అందువల్ల బాలింత కొన్నాళ్లు వేరుగా ఉండేది. తొలికాన్పు పుట్టింట జరగడం ఆచారం కావడంతో తల్లి, మంత్రసాని పక్కనే ఉండేవారు. అదే సమయంలో, కేకలు వేయకుండా ఓర్చుకోవడమే ఆడదానికి మర్యాద అన్న భావన బలంగా ఉండేది. ఆప్తుల తోడు భయాన్ని తగ్గించినా, ఓర్పు నియమం బాధను బయటికి చెప్పుకోనివ్వలేదు. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా ప్రాణాపాయం తప్పేది కాదు. కనుక ఇంటి పురుడును ఆదర్శీకరించడం తగదు.

3. ఆసుపత్రి కాన్పు

ప్రసవంలో క్లోరోఫాం వాడకాన్ని ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847లో ప్రారంభించగా, కాన్పు నొప్పి దైవనిర్ణయమన్న వాదంతో కొందరు వ్యతిరేకించారు. విక్టోరియా రాణి 1853లో దానిని స్వీకరించిన తరువాత ఆమోదం పెరిగింది. ఓర్పును ధర్మంగా భావించడం తెలుగు సమాజానికే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తుంది.

1890లలో లండన్ మిషన్ వైద్యుడు థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ కృషితో జమ్మలమడుగులో ఆసుపత్రి వెలిసింది. దానితో ఆధునిక వైద్యం కొండాపురం పరిసర గ్రామాలకు చేరువైంది. అయినా ఆసుపత్రి కాన్పు సర్వసాధారణం కావడానికి చాలాకాలం పట్టింది. 2005లో జననీ సురక్షా యోజన దానికి ఊతమిచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు.

4. తోడు

ఆసుపత్రి ప్రాణరక్షణను బలపరిచింది. అయితే ప్రసూతి గదిలోకి బంధువులను రానివ్వని చోట తల్లి తోడు పోయింది, ఓర్చుకోవాలన్న నియమం మిగిలింది. భయం కండరాలను బిగించి నొప్పిని పెంచుతుందని గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లోనే ప్రతిపాదించాడు. 15 వేలకు పైగా స్త్రీలపై జరిగిన పరీక్షలను క్రోడీకరించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, ఎడతెగని తోడు లభించినవారిలో నొప్పి మందుల వాడకం, సిజేరియన్లు తగ్గాయి. కేంద్రప్రభుత్వం 2016లో ప్రభుత్వాసుపత్రుల ప్రసూతి గదుల్లోకి తోడును అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో రూపొందించిన కాన్పు సంరక్షణ పట్టికలో తోడు, నొప్పి ఉపశమనం కూడా నమోదు చేయవలసిన అంశాలయ్యాయి.

5. ముగింపు

ఇంటి పురుడులో తోడు ఉంది, వైద్యం కొరవడింది. ఆసుపత్రి కాన్పులో వైద్యం ఉంది, తోడు నియమాలపై ఆధారపడింది. రెండుచోట్లా స్త్రీ మౌనాన్నే ఓర్పుగా లెక్కించారు. తోడుకు అనుమతి లభించినంత మాత్రాన ఆ లెక్క మారదు. తల్లి చెప్పే మాటను చికిత్సలో భాగంగా స్వీకరించినప్పుడే మారుతుంది. ఈ ప్రాంతపు వృద్ధ స్త్రీల, మంత్రసానుల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా సేకరించడం అందుకు అవసరమైన తొలి పరిశోధన.