మూడో రంధ్రం

మధురానగర్‌లో మేముండే బిల్డింగ్ కాస్త పాతది. పోయిన నెల గీజర్ ప్లగ్ పాయింట్ నల్లబడితే మార్చడానికి బోర్డు విప్పాం. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి, గోడలోంచి వచ్చింది మాత్రం రెండే వైర్లు. ఎర్రదీ, నల్లదీ. ఎర్త్ వైరు ఉండాల్సిన చోట అంగుళం ముక్క ఒకటి, న్యూట్రల్ స్క్రూ నుంచి లాగి బిగించి ఉంది. ఇన్నేళ్ళూ ఆ గీజర్ కిందే స్నానాలు చేశాం.

మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటిష్‌వాళ్ళది, 1934 నాటి బీఎస్ 546 ప్రమాణం. చిన్నది 5 ఆంపియర్లు, పెద్దది 15. వాళ్ళు 1947లో ప్లగ్గులోనే ఫ్యూజుండే బల్లపరుపు పిన్నుల రకం తెచ్చుకుని దీన్ని మెల్లగా వదిలేశారు. మనకి స్వాతంత్ర్యమూ వచ్చింది, పాత ప్లగ్గూ మిగిలింది. తర్వాత మన ఐఎస్ 1293 వాటిని 6, 16 చేసింది కానీ, అమీర్‌పేట ఎలక్ట్రికల్ షాపులో ఇప్పటికీ ‘ఫిఫ్టీన్ ఆంప్స్’ అనే అడుగుతాం.

నిజాం కాలంలో, 1920లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వచ్చింది. అప్పటి కరెంటు ముఖ్యంగా దీపాలకీ ఫ్యాన్లకీ. టేకు బద్దీల మీద క్లిప్పులు కొట్టి రెండు వైర్లు లాగితే ఇల్లు వెలిగేది. ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, గీజర్... ఇనుప ఒళ్ళున్న సామాన్లు ఇంట్లోకి వచ్చాకే మూడోదానితో అసలు పని పడింది.

ఆ మూడో పిన్ను లావుగా, పొడుగ్గా ఉండేది అందం కోసం కాదు. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలాలి, పీకేటప్పుడు చివర్న వదలాలి. సాకెట్‌లో షటర్లుంటే వాటిని తెరిచేదీ అదే. (హాస్టళ్ళలో రెండు పిన్నుల చార్జర్ దూరకపోతే పై రంధ్రంలో పెన్ను గుచ్చుతారు చూడండి, ఆ తాళాన్నే దొంగతనంగా తీస్తున్నారన్నమాట.)

ఇక మా అంగుళం ముక్క సంగతి. న్యూట్రల్ ఎక్కడో ఊడిందనుకోండి. ఫేజు గీజర్ కాయిల్ గుండా వచ్చి, ఆ ముక్క మీదుగా దాని ఇనుప ఒంటికే చేరుతుంది. ఫ్యూజు పోదు, అనుమానమూ రాదు. తడి చేత్తో ముట్టుకున్నవాడికే తెలుస్తుంది.

పాత ఎలక్ట్రీషియన్లు కొందరు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాళ్ళు, వెనక నుంచి ఎవరూ పెట్టకుండా. ఎంసీబీని జేబులో వేసుకోలేం. పైగా ఇప్పుడు ఇన్వర్టర్ ఒకటి; మెయిన్ కట్టేసినా దాని లైన్లలో కరెంటుంటుంది. మా అబ్బాయి టెస్టర్ వెలగలేదని చెయ్యి పెట్టబోతే ఆపి, హోల్డర్ బల్బుతో ఇంకోసారి చూపించాను. టెస్టర్ పాడైనా వెలగదు కదా. ఎదురుగా చూస్తే ఫేజు కుడివైపు, న్యూట్రల్ ఎడమ, ఎర్త్ పైన. స్క్రూ గట్టిగా బిగించాలి. మా సాకెట్ నల్లబడింది వదులైన స్క్రూ వల్లే.

ముక్క పీకేశాం. కానీ ఎర్త్ ఎక్కణ్ణించి తేవాలి? బొగ్గూ ఉప్పూ వేసి పైపు దింపిన గుంట ఒకటుండేదట, ఎండాకాలం బకెట్ నీళ్ళు పోసేవాళ్ళట. దానిమీద పార్కింగ్ టైల్స్ పడ్డాయి. టైల్స్ పగలగొట్టడానికి మిగతా ఫ్లాట్లవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి గీజర్ ప్లగ్గు పీకేసుంది. స్నానానికి నీళ్ళు గ్యాస్ మీద కాస్తున్నాం.