తల్లిపాలు, పంపు, పనిగంటలు

మన దేశంలో సంఘటిత రంగంలో పనిచేసే స్త్రీకి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. 2017లో చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన హక్కు ఇది. బిడ్డకు మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి చెబుతోంది. 26 వారాలంటే 6 నెలలే కదా, లెక్క సరిపోయిందని మీరనుకోవచ్చు. కాని ఆ 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లికి కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలే. బిడ్డకు నాలుగు నెలలు నిండీ నిండగానే ఆమె మళ్ళీ పనిలో చేరాలి. మరి మిగిలిన రెండు నెలల పాల మాటేమిటి?

ఈ ప్రశ్నకు యంత్రం ఒక జవాబు చెప్పింది, చట్టం మరొకటి చెప్పింది. ఈ రెండు జవాబుల చరిత్రా తెలుసుకుందాం. ముందుగా, అసలు పాలు ఎలా వస్తాయో చూద్దాం.

పాలు ఎలా వస్తాయి?

రొమ్ము పాలు నింపిపెట్టిన కుండ వంటిది కాదు. బిడ్డ చప్పరించగానే చనుమొన దగ్గరి నరాలు మెదడుకు వార్త పంపుతాయి. అక్కడి పిట్యూటరీ గ్రంథి నుంచి రెండు హార్మోన్లు వెలువడతాయి. ప్రొలాక్టిన్ పాల తయారీని నడిపిస్తుంది. ఆక్సిటోసిన్ పాలగదుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగించి పాలను ముందుకు నెడుతుంది. దీన్నే మన ఇళ్ళలో 'చేపు రావడం' అంటారు. ఈ ఆక్సిటోసిన్‌ను 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడికి 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, ఆందోళన, తొందర, నొప్పి చేపును ఆపుతాయి. రెండోది, పాలు బయటికి పోయిన కొద్దీ కొత్త పాలు తయారవుతాయి. గంటల తరబడి నిలిచిపోతే తయారీ మందగిస్తుంది. కాబట్టి ఎనిమిది గంటలు పాలు తీయకుండా పనిచేసే తల్లికి ఆ రోజు రొమ్ములు బరువెక్కి నొప్పి పుడుతుంది. కొన్ని వారాలు అలాగే గడిస్తే పాలే తగ్గిపోతాయి.

గాజుగిన్నె నుంచి మోటారు దాకా

కొబ్బరిబోండాంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు మీ నోట్లో పీడనం తగ్గుతుంది. బయటి గాలి పీడనం నీళ్ళను పైకి నెడుతుంది. బ్రెస్ట్ పంపు సూత్రమూ ఇదే. అమెరికాలో 1854లో ఓ. హెచ్. నీధమ్ అనే ఆయన ఇలాంటి పంపుకు పేటెంటు పొందాడు. ఆ శతాబ్దంలో గాజు గరాటుకు రబ్బరు బుడ్డి తగిలించిన పంపులు వాడుకలోకి వచ్చాయి. అవి పనికి వెళ్ళే తల్లుల కోసం పుట్టినవి కావు. రొమ్ములు గడ్డకట్టినప్పుడు, చనుమొనలు లోపలికి ఉన్నప్పుడు వాడే వైద్య పరికరాలవి.

1920ల్లో ఎడ్వర్డ్ లాస్కర్ అనే ఇంజనీరు విద్యుత్తుతో నడిచే పంపు తయారుచేశాడు. చదరంగం ఆడేవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. అమెరికాలో స్థిరపడ్డ ప్రముఖ చదరంగ క్రీడాకారుడు ఆయనే. నెలలు నిండకుండా పుట్టి, చప్పరించే శక్తి లేని శిశువులకు తల్లిపాలు అందించడానికి ఆసుపత్రులు ఆ పంపును వాడాయి.

ఎంత బలంగా లాగాలి అన్నది పెద్ద చిక్కు. ఎక్కువైతే చర్మం దెబ్బతింటుంది, తక్కువైతే పాలు రావు. స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ ఈ విషయాన్ని కొలతలతో పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించాడు. పీడనాన్ని వాతావరణ పీడనం కన్నా సుమారు 200 మిల్లీమీటర్ల పాదరసం వరకు తగ్గించవచ్చని, అదీ ఎడతెగకుండా కాక లాగుతూ వదులుతూ ఉండాలని తేల్చాడు. వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లు కాబట్టి ఇది అందులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. బిడ్డ చేసేదీ అదే గదా, చప్పరించి ఆగి మళ్ళీ చప్పరించడం! ఆయన పంపుకు తనకు తోడ్పడిన నర్సు పేరు మీద 'సిస్టర్ మాయా' అని పేరు పెట్టారు.

చాలాకాలం ఇవి ఆసుపత్రులకే పరిమితమైన బరువైన యంత్రాలు. 1990ల్లో చిన్న విద్యుత్ పంపులు అమెరికాలో ఇళ్ళకు చేరాయి. దానికి కారణముంది. అక్కడ 1993లో వచ్చిన కేంద్ర చట్టం ఇచ్చింది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. తల్లి త్వరగా పనికి వెళ్ళక తప్పలేదు, పంపు సంచిలోకి ఎక్కింది. పాలు తీసుకోవడానికి విరామం, స్నానాలగది కాని ఒక చాటైన చోటు ఇవ్వాలన్న నియమం అక్కడ 2010లో గాని రాలేదు. అది 2022లో మరింతమందికి విస్తరించింది. అంటే ముందు యంత్రం వచ్చింది, సమయం తర్వాత వచ్చింది.

బొంబాయి మిల్లుల నుంచి

మన దేశంలో కథ మరోలా మొదలైంది. 1920ల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు, తాము పనిలో ఉండే గంటల్లో బిడ్డ ఏడవకుండా పడుకోవాలని నల్లమందు మాత్రలు పెట్టేవారు. అది తల్లుల కఠినత్వం కాదు, పనిగంటల కఠినత్వం. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయ బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని వాదించారు. 1929లో అది చట్టమైంది. 1930ల్లో, అప్పటికి ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలోనూ అలాంటి చట్టం వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు ఎక్కువగా పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం దేశమంతటికీ 12 వారాల సెలవు ఇచ్చింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజూ రెండు అదనపు విరామాలు కూడా ఇచ్చింది. 2017 సవరణ 50 మంది పైగా పనిచేసే చోట క్రెష్ తప్పనిసరి చేసి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ హక్కులు కొనసాగాయి.

సెలవు ముగిసేలోపు

ఇక పనిలో చేరబోయే తల్లి ఏం చేయాలి? మొదటి కొన్ని వారాలు బిడ్డను మించిన పంపు లేదు. అడిగినప్పుడల్లా పాలిస్తే తయారీ స్థిరపడుతుంది. చేరడానికి రెండు మూడు వారాల ముందు, పాలు సమృద్ధిగా ఉండే తెల్లవారుజామున, బిడ్డ తాగిన తర్వాత రోజుకోసారి తీయడం మొదలుపెట్టవచ్చు. తొలిరోజుల్లో రెండు మూడు చెంచాలే వచ్చినా బెంగపడనక్కర్లేదు. పంపు లేకపోతే శుభ్రంగా కడుక్కున్న చేత్తోనే పిండవచ్చు. ఆసుపత్రుల్లో నర్సులు ఈ పద్ధతి నేర్పుతారు.

ఎన్ని పాలు కావాలి? ఈ వయసు బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. తల్లి ఎనిమిది గంటలు లేకపోతే అందులో మూడో వంతు, అంటే 250 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసెడు సిద్ధంగా ఉండాలి. పనిచోట మూడు గంటలకోసారి పావుగంట దొరికితే మర్నాటి గ్లాసు నిండుతుంది. తీసిన పాలు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవ ఉంటాయి. మన ఎండాకాలంలో గది వేడి 25 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మంచుగడ్డల డబ్బా అవసరం. పాలను పొయ్యి మీద కాచకూడదు, గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే చాలు. పట్టడానికి సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మేలు. దాన్ని కడగడం తేలిక, పీక చప్పరించడం అలవాటై బిడ్డ రొమ్మును కాదనే భయమూ ఉండదు. ఉగ్గుగిన్నెతో పట్టడం తండ్రికీ చేతనవుతుంది.

మిగిలిన లెక్క

ఇంత చరిత్రలో తేలేదేమిటి? పంపు పాలను లాగగలదు గాని పావుగంట తీరికను తయారుచేయలేదు. తలుపు ఎవరు తడతారోనన్న భయంతో కూర్చున్న తల్లికి ఎంత ఖరీదైన పంపు ఉన్నా చేపు రాదు. ఇది ఆమె బలహీనత కాదు, శరీరధర్మం. మన చట్టంలో పాలిచ్చే విరామం ఉంది గాని, క్రెష్ లేని చోట గడియ పెట్టుకుని పాలు తీసుకునే గది మాట లేదు. ఇక మన దేశంలో పనిచేసే స్త్రీలలో అత్యధికులు పొలాల్లో, కట్టడాల దగ్గర, బీడీలు చుడుతూ ఉన్నారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం తల్లికి కనీసం 6,000 రూపాయల సహాయం ఇవ్వాలంది. అయితే కూలిపని మానుకుని ఆరు నెలలు ఇంటిపట్టున ఉండడానికి అది ఏ మూలకూ చాలదు. చేనుగట్టున చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలే ఆమెకు క్రెష్.

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు యజమానులు, అధికారులు, ప్రధానోపాధ్యాయులు అవుతారు. మీ ఆవరణలో ఒక చిన్న గది, ఒక గడియ, ఒక కుర్చీ, రోజుకు రెండు మూడు పావుగంటలు ఏర్పాటు చేయడానికి కొత్త ఆవిష్కరణ ఏదీ అక్కర్లేదు. మీ కింద పనిచేసే తల్లి ఆ పావుగంటను బతిమాలి అడగాల్సిన పని లేకుండా చూడండి.